టేకు: పేరు ఒకటే, చేవ వేరు

డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ మన దేశపు కలపలను పోల్చి చూపడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. బరువు, దూలంగా మోసే శక్తి, వంగకుండా నిలిచే బిగువు, దెబ్బను ఓర్చుకునే గుణం, గట్టిదనం, ఆకారం నిలుపుకోవడం వంటి ప్రతి లక్షణంలోనూ టేకుకు 100 వేసి, మిగతా కలపలు ఆ నూటికి ఎంత తూగుతాయో లెక్కగడుతుంది. టేకును కొలబద్దగా ఎంచుకున్నారంటే అన్నిటా అదే మొదటి స్థానంలో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. పట్టిక తెరిచి చూస్తే సంగతి వేరు. గట్టిదనంలో, బరువు మోయడంలో నూరు దాటే కలపలు ఎన్నో ఉన్నాయి. గుగ్గిలం చెట్టు కలప (సాల) అలాంటిదే, నల్లతుమ్మ అలాంటిదే. ఆకారం నిలుపుకునే వరుసకు వచ్చేసరికి మాత్రం ఇవన్నీ వెనకబడతాయి. అక్కడ నూటికి దగ్గరగా వచ్చేవే అరుదు.

టేకును అర్థం చేసుకోవడానికి ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఇది అన్నిటికంటే బలమైన కలప కాదు. అన్నిటికంటే గట్టిదీ కాదు. మధ్యస్థమైన బరువుతో సరిపడా బలాన్ని, చాలా తక్కువ కదలికను, చాలా ఎక్కువ మన్నికను ఒకేచోట పట్టుకున్న కలప. ఈ గుణాల్లో మొదటి రెండు చెట్టు జాతితోనే వస్తాయి. చివరి రెండూ చాలావరకు చెట్టు మధ్యలో ఉండే చేవ మీద, ఆ చేవ ముదరడానికి పట్టిన కాలం మీద ఆధారపడతాయి. బజారులో మాత్రం జాతి పేరుకే ధర కడతారు. టేకు విషయంలో జరిగే నష్టాలు, నిరాశలు చాలావరకు ఈ తేడా దగ్గరే పుడుతున్నాయి.

టేకు శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్. ఒకప్పుడు దీన్ని వర్బినేసీ కుటుంబంలో చేర్చేవారు, ఇప్పుడు తులసి, పుదీనాలు ఉన్న లామియేసీ కుటుంబంలో ఉంచుతున్నారు. లేత ఆకును అరచేతిలో నలిపితే ఎర్రటి రంగు అంటుకుంటుంది. అడవిలో చెట్టును గుర్తుపట్టడానికి అంతకంటే సులువైన ఆనవాలు లేదు. భారతదేశం, మయన్మార్, థాయిలాండ్, లావోస్ - సహజంగా టేకు అడవులున్నవి ఈ నాలుగు దేశాలే. జావాలో టేకు శతాబ్దాలుగా ఉన్నా, అది మనుషులు తీసుకెళ్లి నాటిందేనని ఎక్కువమంది అభిప్రాయం. ఏటా మూడు నుంచి ఐదు నెలల పొడి కాలం ఉండి, నీరు నిలవని నేల దొరికితే మంచి కలప వస్తుంది. ఆ పొడి కాలంలో చెట్టు ఆకు రాల్చి పెరుగుదల ఆపేస్తుంది, వానలతో మళ్లీ మొదలుపెడుతుంది. కలపలో స్పష్టంగా కనిపించే వలయాలు ఈ ఆగడం, మొదలవడం వల్ల ఏర్పడినవే.

బాగా ఆరిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోల బరువు తూగుతుంది. గట్టిదనాన్ని జంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గుండును సగం వరకు చెక్కలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. టేకుకు దాదాపు 4,700 న్యూటన్లు కావాలి. తెల్ల ఓక్‌కు 6,000, దక్షిణ అమెరికా ఇపే కలపకు 15,000 దాటుతుంది. అంటే బరువైన సామాను ఈడ్చే చోట నేలకు పరిచిన టేకు పలక మీద గీతలు, నొక్కులు పడక తప్పదు. అలాంటి చోట టేకు పెట్టించి తరువాత బాధపడేవారు దాని గట్టిదనం గురించి ఎవరో చెప్పిన మాటనే నమ్మి ఉంటారు.

ఇక కదలిక సంగతి. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడానికి, ఎండాకాలంలో పలకల మధ్య సందులు తేలడానికి కారణం ఇదే. ఏ కలపా దీన్ని తప్పించుకోలేదు, ఎంత కదులుతుందన్నదే తేడా. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి టేకు వలయాల వెంబడి సుమారు 5 నుంచి 6 శాతం, మధ్య నుంచి అంచుకు వెళ్లే దిశలో 2.5 శాతం కుంచించుకుంటుంది. ఈ అంకెలను వాడుకలోకి తెచ్చి చూద్దాం. వలయాల వెంబడి కోసిన 300 మిల్లీమీటర్ల వెడల్పు పలక ఒకటి తీసుకుందాం. ఏడాదిలో దానిలోని తేమ 6 శాతం పాయింట్ల మేర మారిందనుకుంటే, టేకు పలక వెడల్పులో దాదాపు 3.3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అదే కొలత ఉన్న ఉత్తర అమెరికా ఎర్ర ఓక్ పలకలో 6.6 మిల్లీమీటర్లు వస్తుంది. సరిగ్గా రెట్టింపు. తలుపు రెక్కకూ చట్రానికీ మధ్య వడ్రంగి వదిలే సందు రెండు మూడు మిల్లీమీటర్లే. ఏడాది పొడవునా హాయిగా మూసుకునే తలుపుకూ, వానపడితే భుజంతో నెట్టాల్సిన తలుపుకూ తేడా ఆ మిగతా మూడు మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది.

టేకు ఎందుకు తక్కువ కదులుతుంది? చెట్టు వయసు పెరిగేకొద్దీ కాండం లోపలి కణాలు నీరు మోసే పని మానేస్తాయి. మూసుకుపోయే ముందు వాటిలో నూనెలు, రబ్బరు వంటి పదార్థం, క్వినోన్ల వంటి రసాయనాలు పేరుకుంటాయి. అలా మారిన లోపలి భాగమే చేవ. ఈ పదార్థాలు కణాల గోడల్లోనూ, ఖాళీల్లోనూ చేరి నీటికి చోటు తగ్గిస్తాయి. చేవను చేత్తో తడిమితే తగిలే జిడ్డు వాటిదే, కొత్తగా కోసినప్పుడు వచ్చే పాత తోలు లాంటి వాసనా వాటిదే.

చెద పట్టకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. టేకు చేవలో ఉండే టెక్టోక్వినోన్ అనే రసాయనం చెదపురుగులకు గిట్టదు. మరికొన్ని క్వినోన్లు శిలీంధ్రాలను అడ్డుకుంటాయి. మన్నికను కొలిచే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. రెండడుగుల పొడవున్న చెక్క ముక్కలను సగం వరకు మట్టిలో పాతి, చెదకూ బూజుకూ వదిలేసి, ఎన్నాళ్లకు పాడవుతాయో ఏళ్ల తరబడి చూస్తారు. సగటున 120 నెలలు, అంతకు మించి నిలిస్తే మొదటి తరగతి. 60 నెలలైనా నిలవకపోతే మూడో తరగతి. టేకు చేవ మొదటి తరగతిలో ఉంది. అదే చెట్టు వెలుపలి భాగంలో, బెరడుకు ఆనుకుని ఉండే తెల్ల చెక్కకు ఈ రక్షణ ఏదీ ఉండదు. దానిలో ఉన్నవి పిండి పదార్థం, తేమ. పురుగులకు కావలసినవీ అవే. ఒకే పలకలో ఒక అంచు పుచ్చిపోయి, రెండో అంచు చెక్కుచెదరకుండా ఉన్న టేకును చూసి ఆశ్చర్యపోయేవారున్నారు. పాడైన అంచు తెల్ల చెక్క, అంతే.

ఇనుముతో టేకుకు ఉన్న పొత్తు మరో విశేషం. ఓక్ కలపలో టానిన్లు, ఆమ్లాలు ఎక్కువ. తడి తగిలితే అవి ఇనుప మేకులను తినేస్తాయి, మేకు చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. టేకులో ఆ బాధ చాలా తక్కువ. దానిలోని నూనె మేకుకు కొంత కాపుగా కూడా ఉంటుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కాని, ఓడల చరిత్రలో దీని పాత్ర పెద్దది.

ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టులోని బెరెనికే రేవు తవ్వకాల్లో భారతీయ టేకు కలప పెద్ద మొత్తంలో దొరికింది. రోమన్ కాలంలో హిందూ మహాసముద్రం దాటిన ఓడలను విప్పదీసి, ఆ కలపను గోడల్లో మళ్లీ వాడుకున్నారు. రెండు వేల ఏళ్ల తరువాత కూడా దాన్ని టేకుగా గుర్తించగలిగారు. మహారాష్ట్రలోని కార్లా గుహల చైత్యంలో రాతి కప్పుకు అమర్చిన చెక్క వాసాలు కూడా దాదాపు అదే కాలానికి చెందినవి, నేటికీ ఉన్నాయి.

టేకు ఓడల ఖ్యాతి శిఖరానికి చేరింది బొంబాయిలో. సూరత్ నుంచి 1736లో వచ్చిన లవ్జీ నుసర్వాన్జీ వాడియాతో మొదలుపెట్టి ఆ కుటుంబం తరతరాలుగా బొంబాయి రేవులో ఓడలు కట్టింది. నెపోలియన్‌తో యుద్ధాల వల్ల ఇంగ్లండ్‌లో ఓక్ కలపకు కరువు రాగా, బ్రిటిష్ నౌకాదళం మలబారు టేకుతో ఇక్కడ యుద్ధనౌకలు కట్టించుకుంది. 1842లో చైనాతో నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలు జరిగిన కార్న్‌వాలిస్ ఓడ బొంబాయిలో కట్టినదే. 1817లో జమ్‌షెట్జీ బొమాన్జీ వాడియా పర్యవేక్షణలో నీటిలోకి దిగిన ట్రింకోమలీ ఓడ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో తేలుతూ ఉంది. రెండు శతాబ్దాలు దాటిన ఓడ ఇంకా నీటి మీద ఉండటం కంటే టేకు మన్నికకు వేరే రుజువు అక్కర్లేదు. దీనికి ఒక షరతు ఉంది. సముద్రపు నీటిలో చెక్కను తొలిచే ఓడపురుగుల ముందు టేకు పూర్తిగా నిలవదు. అందుకే ఈ ఓడల అడుగున రాగి రేకులు తాపడం చేశారు. నీటి కింద టేకును అలాగే వదిలేయవచ్చని అనుకోవడం తప్పు.

చెక్క ఓడల కాలం పోయాక కూడా టేకు ఓడల నుంచి దిగిపోలేదు. 1860లో నీటిలోకి దిగిన బ్రిటిష్ ఇనుప యుద్ధనౌక వారియర్ పక్కలకు నాలుగున్నర అంగుళాల ఇనుప కవచం తొడిగి, దాని వెనుక 18 అంగుళాల మందాన టేకు అమర్చారు. ఫిరంగి గుండు తగిలినప్పుడు ఆ దెబ్బను పీల్చుకునే మెత్త అది. ఇనుమును ఆనుకుని ఏళ్ల తరబడి ఉన్నా రెండూ పాడవకూడదు. ఆ పనికి ఓక్ పనికిరాదు. నేటికీ పడవల పైభాగపు నేలకు టేకు పరచడానికి కారణాలు ఇవే: ఉప్పునీటిలో తడిసినా జారదు, ఎండలో చీలదు, కింద ఉన్న లోహాన్ని తినదు.

నేల మీద కూడా ఇదే తర్కం పనిచేస్తుంది. ఒకవైపు ఎండ, మరోవైపు నీడ ఉండే వీధి తలుపు, వానకు తడిసే కిటికీ చట్రం, ఆరుబయట బల్లలు, రైలు పెట్టెలు, రసాయన ప్రయోగశాలల్లో ఆమ్లాలు చిందే బల్లలు - తడి, ఎండ, లోహం, ఆమ్లం కలిసే చోటల్లా టేకునే ఎంచుకున్నారు. మయన్మార్‌లోని అమరపురలో సుమారు 1850 నాటి ఊ బెయిన్ వంతెన 1.2 కిలోమీటర్ల పొడవున చాలావరకు టేకు స్తంభాల మీదే నిలిచింది. దెబ్బలు ఓర్చుకోవాల్సిన గొడ్డలి, సుత్తి పిడులకు మాత్రం టేకు తగదు. పెళుసుతనం ఎక్కువ. సన్నగా చేసి వంచాల్సిన పనులకూ అంత మంచిది కాదు.

ఉలి కింద టేకు

చక్కగా సాన పట్టిన ఉలితో టేకు దుంగ చివరను అడ్డంగా కొద్దిగా చెక్కి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే వలయం కథ మొత్తం తెలుస్తుంది. ప్రతి వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాలు ఒక వరుసగా ఉంటాయి. వానలతో పాటు చెట్టు నీరు తాగడం మొదలుపెట్టినప్పుడు ఏర్పడినవి అవి. ఆ తరువాత రంధ్రాలు చిన్నవై చెదిరిపోతాయి, మధ్యలో చెక్క చిక్కగా, ముదురుగా ఉంటుంది. కొన్ని రంధ్రాల్లో తెల్లటి పొడి లాంటి పదార్థం కూరుకుని కనిపిస్తుంది. టేకు పేరుతో అమ్మే ఆఫ్రికా ఇరోకో కలపలో ఇలా వలయానికొక వరుసగా రంధ్రాలు ఉండవు, అంతటా చెదిరి ఉంటాయి. రంగు పూతతో, నూనెతో ఏ కలపనైనా టేకులా చూపించవచ్చు. ఈ రంధ్రాల అమరికను మాత్రం ఎవరూ పూత పూసి తేలేరు. కలప కొనేవారు నేర్చుకోదగిన పరీక్ష ఏదైనా ఉందంటే ఇదే.

టేకు పనితనానికి లొంగుతుంది కాని పనిముట్లను అరగదీస్తుంది. చెక్కలో సిలికా 1.4 శాతం దాకా ఉండవచ్చు. సిలికా అంటే ఇసుక పదార్థమే. రంపం పళ్లు, చిత్రిక అంచు త్వరగా మొద్దుబారేది అందుకే. యంత్రాలతో కోసేచోట కార్బైడ్ పళ్ల రంపాలు వాడటం తప్పనిసరి.

మన్నికను ఇచ్చే ఆ నూనే బంకకు అడ్డం వస్తుంది. చిత్రిక పట్టిన పలకను రెండు రోజులు పక్కన పెట్టి తరువాత అతికిస్తే, లోపలి నూనె పైకి ఊరి అతుకు బలహీనపడుతుంది. కొత్తగా చిత్రిక పట్టిన వెంటనే అతికించాలి, లేదా అతికించే ముందు ఆ ముఖాన్ని అసిటోన్‌తో తుడవాలి. వార్నిష్‌లకూ ఇదే ఇబ్బంది. టేకులోని కొన్ని రసాయనాలు పూత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి. రోజులు గడిచినా జిగట వదలని మెరుగు చూసి పనివాడిని తప్పుపట్టేవారు ఎక్కువ. చాలాసార్లు తప్పు పనివాడిది కాదు, టేకుకు తగని పూత ఎంచుకోవడంలో ఉంటుంది. బజారులో టేకు నూనె అని అమ్మేది టేకు చెట్టు నుంచి తీసినది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అది సాధారణంగా అవిసె నూనె వంటి వాటికి వార్నిష్, పల్చనచేసే ద్రవాలు కలిపి తయారుచేసినది.

కోసేటప్పుడు లేచే పొట్టు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. టేకులోని లపచోల్, డీఆక్సీలపచోల్ అనే పదార్థాలు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తాయి. సన్నని ధూళి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. రోజంతా రంపం దగ్గర ఉండేవారికి ముక్కుకు మాస్కు, పొట్టును లాగేసే ఏర్పాటు ఉండాలి. కలప ధర గురించి ఇంత చర్చ జరిగే చోట దాన్ని కోసేవాడి ఆరోగ్యం గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం సరికాదు.

ఆరుబయట పెట్టిన టేకు కొన్ని నెలల్లో బంగారు రంగు కోల్పోయి వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని సూర్యకాంతి పైపొరలో విడగొట్టడం వల్ల జరిగే మార్పు ఇది. పైపొరకే పరిమితం, చెక్క బలానికి దీనితో సంబంధం లేదు. పాత రంగు తెప్పించాలని ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగడం దీనికి చేసే పెద్ద అపకారం. నీటి తాకిడికి వలయాల్లోని మెత్తని భాగం కొట్టుకుపోయి చిక్కని భాగం గీతలుగా పైకి తేలుతుంది. ఏటేటా అలా చేస్తే పలక మందమే తరిగిపోతుంది. మెత్తని బ్రష్షుతో, వలయపు గీతలకు అడ్డంగా, కొద్దిపాటి సబ్బునీటితో రుద్దితే చాలు.

వయసు లెక్క

ఇప్పటివరకు చెప్పిన గుణాలన్నీ ముదిరిన చేవవి. నేడు బజారుకు వస్తున్న టేకులో అలాంటిది ఎంత?

జ్యామితితో చూస్తే సమాధానం తేలిగ్గా దొరుకుతుంది. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న దుంగలో చుట్టూ 3 సెంటీమీటర్ల మందాన తెల్ల చెక్క ఉందనుకుందాం. లోపలి చేవ 14 సెంటీమీటర్లు. విస్తీర్ణంలో అది 49 శాతం మాత్రమే. అంటే సగానికి పైగా తెల్ల చెక్క. 60 సెంటీమీటర్ల దుంగలోనూ తెల్ల చెక్క అదే 3 సెంటీమీటర్ల మందం ఉంటే, చేవ 54 సెంటీమీటర్లు, విస్తీర్ణంలో 81 శాతం. రెండు దుంగలూ టేకే, రెండూ అదే జాతి. ఘనపు అడుగు కొలిచి డబ్బు కడితే చిన్న దుంగ కొన్నవారు సగం డబ్బు చెద తినే చెక్కకు పోస్తున్నారు. పైగా చిన్న దుంగలోని చేవలో కూడా నడిమి భాగం చెట్టు లేత వయసులో పెట్టుకున్నది. అందులో రక్షణ రసాయనాలు తక్కువ, ముడులు ఎక్కువ.

తోటల్లో వేగంగా పెరిగిన టేకు మెత్తగా ఉంటుందన్న ప్రచారం మాత్రం పూర్తిగా నిజం కాదు. ఇది చాలామంది పొరపడే చోటు. వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుస ఉంటుందని పైన చెప్పుకున్నాం. చెట్టు వేగంగా పెరిగినప్పుడు ఆ వరుస వెడల్పు పెద్దగా మారదు, దాని తరువాత వచ్చే చిక్కని భాగమే ఎక్కువవుతుంది. అందువల్ల వలయాలు వెడల్పుగా ఉన్నంత మాత్రాన కలప బరువు, బలం తగ్గిపోవు. కేరళ అటవీ పరిశోధనా సంస్థలో జరిగిన పరిశోధనలు కూడా ఇదే చూపాయి. తగ్గేది మన్నిక. ఇరవై ఏళ్ల టేకు బరువు మోస్తుంది, చెదను మాత్రం వందేళ్ల టేకులా ఆపలేదు. బలాన్ని కొలిచి మన్నికను ఊహించేవారు, రంగు చూసి రెండూ ఉన్నాయనుకునేవారు ఇక్కడే దెబ్బతింటున్నారు.

కాలం విలువ తెలిసిన పాత తరం అటవీ అధికారులు దీన్ని వేరే విధంగా లెక్కించారు. మలబారు కలెక్టరు హెన్రీ వాలెంటైన్ కానలీ, ఆయన దగ్గర అటవీ వ్యవహారాలు చూసిన చాతు మేనన్ కలిసి 1840లలో నీలంబూరులో టేకు తోట నాటించారు. ప్రపంచంలో ప్రణాళిక ప్రకారం వేసిన తొలి టేకు తోటగా దానికి పేరుంది. మొదట్లో గింజలు మొలకెత్తక చాలా కష్టపడ్డారు. టేకు గింజ మీద రాయిలాంటి పెంకు ఉంటుంది. దాన్ని నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడితే తప్ప మొలక రాదు. ఆ మెళకువ పట్టుబడ్డాకే తోట నిలిచింది. ఆ తొలి తోటలో కొంత భాగాన్ని కానలీ పేరుతో నేటికీ కాపాడుతున్నారు. నాటినవారు దాని కలప చూడలేరని తెలిసే నాటారు. కేరళలో ప్రభుత్వ టేకు తోటలను 50, 60 ఏళ్లకు గాని నరకరు.

బర్మాలో (నేటి మయన్మార్) పద్ధతి ఇంకా నిదానం. నరకబోయే చెట్టు మొదట్లో చుట్టూ బెరడును, తెల్ల చెక్కను గాటు పెట్టి తొలగించేవారు. నీరు పైకి ఎక్కక చెట్టు నిలబడే చచ్చి, రెండు మూడేళ్లు అక్కడే ఆరేది. ఆ తరువాతే పడగొట్టి, ఏనుగులతో ఏటికి లాగించి, తెప్పలుగా కట్టి వదిలేవారు. పచ్చి టేకు నీటిలో మునిగిపోతుంది, ఆరినదే తేలుతుంది. 1856లో పెగూ అడవుల బాధ్యత చేపట్టిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్, ఎన్ని చెట్లకు గాటు పెట్టవచ్చో ఎదుగుదలను కొలిచి నిర్ణయించే పద్ధతి తెచ్చాడు. 1864లో ఆయనే భారత అడవుల తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. ఆ అటవీ పాలన వల్ల అడవి ప్రజల హక్కులు కుదించుకుపోయాయి, ఆ గాయం ఇప్పటికీ మానలేదు. చెట్టు వయసును లెక్కలోకి తీసుకోవడంలో మాత్రం ఆ అధికారులు నేటి వ్యాపారుల కంటే ముందున్నారు.

ఇప్పటి పరిస్థితి ఏమిటి? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2010 నాటి లెక్కల ప్రకారం సహజ టేకు అడవులు సుమారు 2.9 కోట్ల హెక్టార్లు, అందులో దాదాపు సగం మయన్మార్‌లోనే ఉన్నాయి. నాటిన తోటలు 43 లక్షల హెక్టార్లకు పైగా ఉన్నాయి. వాటిలో ఎనభై శాతానికి మించి ఆసియాలోనే, మిగతావి ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో ఉన్నాయి. థాయిలాండ్ 1989లో సహజ అడవుల నరికివేతను నిషేధించింది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. 2021 సైనిక తిరుగుబాటు తరువాత ఆ దేశపు ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, యూరోపియన్ యూనియన్ ఆంక్షలు విధించాయి. పాత అడవుల టేకు రాక ఇలా తగ్గగా, ప్రపంచంలో టేకు దుంగలను అత్యధికంగా దిగుమతి చేసుకునే మన దేశానికి ఘానా, టాంజానియా, ఈక్వెడార్, పనామా, కోస్టారికా, బ్రెజిల్ వంటి దేశాల తోటల కలప వస్తోంది. అందులో చాలావరకు ఇరవై, పాతికేళ్ల లోపు చెట్లదే.

తోటల పెంపకాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. పాత అడవిని కాపాడాలంటే తోట కలప ఉండి తీరాలి. తప్పల్లా తోట టేకుకు పాత అడవి టేకు పేరు, ధర తగిలించడంలో ఉంది. 1990 దశకంలో మన దేశంలో టేకు తోటల పేరుతో జనం దగ్గర డబ్బు సేకరించిన సంస్థలు కొద్ది ఏళ్లలోనే భారీ లాభాలు వస్తాయని చూపాయి. చెట్టు కొద్ది ఏళ్లలో చేవ కట్టదు. ఆ పథకాలు కుప్పకూలాయి, చిన్న మదుపరులు మునిగిపోయారు. 1999లో పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ, సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చేనాటికే నష్టం జరిగిపోయింది. చేవ ఎప్పుడు ఏర్పడుతుందో ఒక్క పేరా చదివి ఉంటే ఆ ప్రకటనలను నమ్మేవారు తగ్గేవారు.

తోటల టేకును ఎక్కడ వాడాలన్నది దాని గుణాన్ని బట్టే తేల్చుకోవచ్చు. ఇంటి లోపలి బల్లలు, అల్మరాలు, లోపలి తలుపులు, గోడకు కొట్టే పలకలు - తడి, మట్టి తగలని ఈ పనులకు పాతికేళ్ల టేకు చక్కగా సరిపోతుంది. తెల్ల చెక్క తీసేయించాలి, తీయలేనిచోట బోరాన్ లవణాల మందు పట్టించాలి. బాగా ఆరిందో లేదో తేమ కొలిచే మీటరుతో చూడాలి. మీటరు పైపైనే చూపుతుంది కాబట్టి ఒక ముక్క కోయించి మధ్యలో కొలవడం మంచిది. టేకు నెమ్మదిగా ఆరుతుంది, పైన ఆరినట్టు కనిపించి లోపల తడి ఉండిపోవడం మామూలే. నేలను ఆనుకుని ఉండే గుమ్మం, వానకు తడిసే కిటికీ, పడవ నేల వంటి చోట్లకు మాత్రం ముదిరిన చేవ తప్ప మరొకటి పెట్టకూడదు. అంత మంచి కలప దొరకనప్పుడు మందు పట్టించిన చవక కలప, పేరుకు టేకైన లేత కర్ర కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ముదిరిన చేవకు కొత్తగా చెట్టు నరకనక్కర్లేని ఆధారం ఒకటుంది. కూలగొట్టే పాత కట్టడాల్లోని దూలాలు, వాసాలు, ద్వారబంధాలు అవి. అవి దశాబ్దాలుగా ఆరినవి, కదలాల్సినదంతా ఎప్పుడో కదిలేశాయి. వాటిని కోయించే ముందు లోహాన్ని పసిగట్టే పరికరంతో పాత మేకులను వెతికి తీయించాలి. గోడలో కూరుకుపోయిన కొసలు, తేమ నిలిచిన చోట్లు పుచ్చి ఉండవచ్చు కనుక రెండు చివరలా అడుగు మేర కోసి పారేయాలి. మిగిలిన కర్రను చిత్రిక పడితే బూడిద రంగు పొర కింద నుంచి చేవ రంగు, జిడ్డు, తోలు వాసన మళ్లీ బయటపడతాయి. కట్టడాలు కూల్చేవారు ఇలాంటి దూలాలను వంటచెరకుగా, సెంట్రింగ్ కర్రగా పంపేయడం ఇప్పటికీ జరుగుతోంది. కొత్త టేకు కోసం సముద్రాలు దాటి దుంగలు తెప్పించుకునే దేశంలో ఆ కలపను వేరుచేసి, కొలిచి, తరగతులుగా విభజించి అమ్మే ఏర్పాటు పట్టణానికి ఒకటి చొప్పున ఉండాలి.